ఎన్ని పొరలు?

కంప్యూటరు చెప్పినది గావున సత్యమే యని మన విద్యార్థులలో కొందరు వాదించుచున్నారు. మే మంగీకరింపజాలము.

మన తూర్పుతీరపు టిసుకలో దొరకు రూటైలు టైటానియము, ప్రాణవాయువుల సమ్మేళనము. 1972లో ఫుజిషిమా, హోండాలు ఇట్టి స్ఫటికముతో కాంతిచే నీటిని విడగొట్టిరి. దాని ఉపరితలముపై వ్రాలిన నీటియణువు చెక్కుచెదరక నిలుచునా, విడిపోవునా? స్ఫటిక మంతటిని లెక్కించుట యసాధ్యము గావున శాస్త్రజ్ఞులు కొన్ని పొరల పలుచని పలకనే యంత్రమున కొప్పగింతురు. చిత్రమేమన, నీటిని పట్టియుంచు శక్తికి పొరలు సరిసంఖ్యలో నున్న నొక విలువయు, బేసిసంఖ్యలో నున్న వేరొకటియు వచ్చెను! ఖనిజము మారలేదు, పలక మందమే మారినది.

మెట్లు చూపక జవాబు మాత్రము వ్రాసినవానికి మన యుపాధ్యాయులు మార్కు లియ్యరు. యంత్రమున కేల యియ్యవలెను? ‘ఎన్ని పొరలు?’ అని యడుగుట మన హక్కు. పొరలు పెంచినకొలది యీ యూగిసలాట తగ్గును. గణనకాలము మాత్రము మిక్కిలి పెరుగును.