చెరసాలలో ముఠా నాయకుడు

నేరస్థుని బంధించినంత మాత్రాన నేరం ఆగుతుందా? చిల్లర దొంగ విషయంలో ఈ ప్రశ్న పుట్టదు. ముఠా నాయకునికి మాటే ఆయుధం. అది గోడ దాటుతున్నంత కాలం అతడు చెరలో ఉన్నా, వీధిలో ఉన్నా ఒకటే.

ఇటలీ దేశం ఈ సంగతిని భారీ మూల్యం చెల్లించి గ్రహించింది. సిసిలీలోని పలెర్మో చెరసాలను ఒకప్పుడు 'గ్రాండ్ హోటల్' అని జనం పరిహసించేవారు. మాఫియా పెద్దలకు అక్కడ జరిగిన మర్యాదలు అటువంటివి! 1992 మే 23న న్యాయమూర్తి జొవాన్ని ఫాల్కోనెను, ఆయన భార్యను, ముగ్గురు అంగరక్షకులను రహదారిపై పేల్చి చంపారు. జూలై 19న ఆయన సహచరుడు పావొలో బొర్సెల్లీనో, ఐదుగురు రక్షకులు బలి అయినారు. ఆ ఏటనే కారాగార చట్టంలోని '41-బిస్' నిబంధనను మాఫియా ఖైదీలకు వర్తింపజేశారు. ఇప్పుడు వారికి నెలకు ఒక్క ములాఖత్, అదీ ఒక గంట, నడుమ అద్దం. ఉత్తరాలపై తనిఖీ. తోటి ఖైదీలతో కలయిక బహుస్వల్పం.

1993లో ఫ్లారెన్స్, మిలాన్, రోమ్ నగరాలలో మాఫియా బాంబులు పేల్చింది. ఈ నిబంధనను సడలింపజేయడం వాటి ఉద్దేశాలలో ఒకటని తరువాత న్యాయస్థానాలు తేల్చాయి. దెబ్బ తగలవలసిన చోటనే తగిలిందనడానికి వేరే నిదర్శనమెందుకు? 2002లో దానిని శాశ్వతం చేయడం సబబేనని మా అభిప్రాయం.

అయితే మాటను ఆపడం వేరు, మనిషిని చిన్నబుచ్చడం వేరు. ఈ ఖైదీలు గదిలో వంట చేసుకోరాదన్న నిషేధాన్ని 2018లో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది. వంటగిన్నెకూ ముఠా ఆజ్ఞకూ ఏమి సంబంధం?

బెర్నార్దో ప్రొవెంజానో ఉదంతం ఇంకా జటిలమైనది. నాలుగు దశాబ్దాలు అజ్ఞాతంలో ఉండి, టైపు చేసిన చిన్న చీటీలతో ముఠాను నడిపినవాడు! 2006లో పట్టుబడ్డాడు. అటువంటివానికి కఠిన నిర్బంధం తగినదే. కాని అవసానకాలంలో అతని బుద్ధి మందగించింది. అయినా 2016 మార్చిలో గడువు మళ్లీ పొడిగించారు, జూలైలో మరణించాడు. ఆ పొడిగింపు అమానుషమని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2018లో తీర్పిచ్చింది. నిర్బంధంలో ఉంచడాన్ని మాత్రం అది తప్పు పట్టలేదు. ఈ విభజన మాకు న్యాయంగా తోస్తున్నది. గడువు పొడిగించే పత్రంపై మంత్రి సంతకం చేస్తాడు. ఆ ఖైదీ ఇంకా ఒక చీటీ పంపగల స్థితిలో ఉన్నాడా అని ముందు వైద్యుని అడిగితే ఏ మాఫియాకు లాభం?