ఒక్క నీలిలో ఎన్ని మెట్లు

ఈ సంచిక బొమ్మలన్నీ నీలి రంగులోనే వేయించాం. ఆ రంగుకు మా నేలతో పాత సంబంధం ఉంది. 19వ శతాబ్దంలో నెల్లూరు, కడప ప్రాంతాల్లో నీలిమందు పండేది. ముద్దలు కట్టి మద్రాసు రేవు నుంచి ఓడలెక్కించేవారు. 1897లో జర్మనీ కృత్రిమ నీలిని అమ్మకానికి తెచ్చాక ఆ సాగు క్రమంగా అంతరించింది.

నీలి తొట్టిలోంచి తీసిన గుడ్డ మొదట ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలమవుతుంది! ఒకసారి ముంచితే లేత ఆకాశపు రంగు. ఆరనిచ్చి మళ్లీ మళ్లీ ముంచుతూ పోతే చిక్కబడి, చివరికి ఇంచుమించు నలుపే. తొట్టి ఒక్కటే, మందు ఒక్కటే.

అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో రంగుకు మూడు కొలతలు చెప్పాడు: వర్ణం, వెలుగు, గాఢత. ఒకే వర్ణంతో పనిచేసేవారికి మిగిలేవి చివరి రెండే. నా దృష్టిలో అవి చాలు. దూరపు కొండను లేతగా, దగ్గరి చెట్టును చిక్కగా వేస్తే బొమ్మకు లోతు వచ్చేస్తుంది. మా నెల్లూరు జిల్లా అనంతసాగరం నుంచి సోమశిల వైపు కొండలను పొద్దున్నే చూసేవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

డిజైన్ నేర్చుకుంటున్న పిల్లలకు ఒక మాట. మీ పోస్టర్‌ను నలుపు తెలుపు ఫొటో తీయండి. అందులో అక్షరాలు వెనకున్న రంగులో కలిసిపోతే, కొత్త రంగు వెతక్కండి. ఉన్న రంగునే ఒకచోట ఇంకాస్త చిక్కబరచండి.