పసరుకు ముందు రక్తపరీక్ష

తొలకరి పడిన కొన్నాళ్లకు పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామ పొలాల గట్ల మీద నేల ఉసిరి మొలుస్తుంది. జానెడు మొక్క. రెమ్మల అడుగున వరుసగా చిన్న చిన్న కాయలుంటాయి. తాగునీటిలో మురుగు కలిసిన ఊళ్లలో పచ్చకామెర్లు కనిపించేదీ ఆ ఋతువులోనే. కామెర్లు వస్తే పసరు పోయించుకోవడం మన వైపు తరతరాలుగా వస్తున్న ఆచారం.

ఈ ఆచారాన్ని మూఢనమ్మకమని కొట్టివేసే వైద్యులున్నారు. వారితో నేను ఏకీభవించలేను. చైనాలో ప్రాచీన కాలం నుంచి జ్వరాలకు వాడిన మొక్క ఒకటుంది. అది మన మాచిపత్రికి దగ్గరి చుట్టం. తు యూయూ బృందం 1972లో దాని నుంచి ఆర్టెమిసినిన్‌ను వేరుచేసింది. నేడు మలేరియా చికిత్సకు అదే ఆధారం. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. అయితే ఆఫ్రికాలో కొందరు ఆ ఆకు కషాయాన్నే మలేరియాకు మందుగా ప్రచారం చేసినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సమ్మతించలేదు. కషాయంలో మందు మోతాదు నిలకడగా ఉండదు. మోతాదు చాలకపోతే రోగం తగ్గదు సరికదా, మలేరియా క్రిమి ఆ మందుకు లొంగకుండా పోయే ప్రమాదం కూడా ఉంది.

నేల ఉసిరిని కూడా శాస్త్రజ్ఞులు పరీక్షించారు. మద్రాసుకు చెందిన త్యాగరాజన్, హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్న బ్లంబర్గ్ తదితరులు 1988లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనాన్ని ప్రకటించారు. ఈ మొక్క పొడిని తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో ఆ వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ వార్త ఎన్నో ఆశలు రేపింది. కాని తర్వాత ఇతర చోట్ల జరిగిన పరీక్షలలో ఆ ఫలితం నిలవలేదు.

మరి పసరుతో తగ్గిందని చెప్పేవారు అబద్ధమాడుతున్నారా? లేదు. కలుషితమైన నీటి ద్వారా వచ్చే హెపటైటిస్-ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాలలో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ వారాలలో ఏది తాగినా కీర్తి దానికే దక్కుతుంది.

చిక్కల్లా మిగిలిన వారితోనే. కామెర్లు రోగం పేరు కాదు, లక్షణం మాత్రమే. నిండు నెలల గర్భిణికి హెపటైటిస్-ఇ సోకితే నూటికి ఇరవై మంది వరకు ప్రాణాలు కోల్పోవచ్చు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వలన వచ్చే లెప్టోస్పైరోసిస్‌లోనూ కళ్లు పచ్చబడతాయి. దానికి యాంటిబయాటిక్ సకాలంలో అందాలి. పైత్యనాళంలో రాయో, కంతో అడ్డుపడినా కామెర్లే. హెపటైటిస్-బి అయితే పచ్చదనం పోయినా కొందరిలో వైరస్ నిలిచి, ఏళ్ల తరబడి కాలేయాన్ని తినివేస్తుంది. వీరందరికీ పసరు పోసి, ఉప్పూ నూనే మాన్పించి, మూడు వారాలు చూద్దామంటే ఆ మూడు వారాలే ప్రాణాంతకం కావచ్చు.

మరొక సంగతి. నేటి పొలం గట్టు మన తాతల నాటిది కాదు. మిరపకు, పత్తికి కొట్టిన పురుగుమందు గట్టు మీది ఆకు మీద కూడా పడుతుంది. ఆ ఆకు రసం అసలే దెబ్బతిన్న కాలేయానికే చేరుతుంది.

కనుక పసరు పోసే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మీ వద్దకు వచ్చినవారిని ముందు రక్తపరీక్ష చేయించుకొని రమ్మనండి. మా మాట వినని కుటుంబాలు కూడా మీ మాట వింటాయి. గర్భిణులను, మగతగా ఉన్నవారిని, వాంతులు ఆగనివారిని, మలం తెల్లబడినవారిని ఆ క్షణమే ఆసుపత్రికి పంపండి. కళ్లలో, ముక్కులో పసరు పిండడం, వాతలు పెట్టడం పూర్తిగా మానండి. హెపటైటిస్-బి, సి పరీక్షలు, మందులు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితం. అవి ఎక్కడ లభిస్తాయో దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో అడిగి తెలుసుకోవచ్చు.

పాఠకులకు ఇంకొక మాట. హెపటైటిస్-బికి టీకా ఉంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దానిని స్వదేశంలోనే తయారుచేసి సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు తొలి మోతాదు వేయించండి. ఇక ఎ, ఇ రకాలకు అసలు మందు శుభ్రమైన నీరే. 2024 జూన్‌లో జగ్గయ్యపేట ప్రాంతంలో అతిసారం ప్రబలింది. అతిసారం వచ్చే దారీ, ఈ కామెర్లు వచ్చే దారీ ఒక్కటే. మీ వీధి కుళాయి గొట్టం మురుగుకాలువలోంచి పోతున్నదేమో ఈ వారమే చూసి, పంచాయతీకో పురపాలక సంఘానికో వ్రాతపూర్వకంగా తెలియజేయండి. అది సరిచేసే వరకు నీళ్లు కాచి, చల్లార్చి తాగండి.