ఆపరేషన్ అయిన వెంటనే కరెంటు పెట్టించాలా?

మా సంఘంలో ఒక పెద్దాయన ఆదివారం ఆరాధనకు రావడం మానేశారు. పలకరించడానికి వెళ్తే చాలాసేపు ఏవేవో మాట్లాడి చివరికి, "తుమ్మినా మూత్రం పడిపోతోంది అయ్యగారూ, నలుగురిలో ఎలా కూర్చోను?" అన్నారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి ఆర్నెల్లు. ఇప్పుడు రేడియేషన్, అదే మనవాళ్లు కరెంటు అనేది, పెట్టించాలని ఇంట్లో పట్టు. త్వరగా పెట్టిస్తే మంచిదే కదా అని మేమూ అనుకున్నాం.

అది అందరి విషయంలో నిజం కాదు. బ్రిటన్, డెన్మార్క్, కెనడా, ఐర్లాండ్‌లలో 1,396 మందితో జరిగిన ర్యాడికల్స్ అధ్యయనం ఫలితాలు 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కొందరికి ఆపరేషన్ తర్వాత వెంటనే రేడియేషన్ ఇచ్చారు. మిగతావారికి పి.ఎస్.ఎ. రక్తపరీక్ష చేస్తూ, అది పెరిగితేనే ఇచ్చారు. ఐదేళ్లకు వ్యాధి మళ్లీ తలెత్తనివారు మొదటి గుంపులో 85 శాతం, రెండో గుంపులో 88 శాతం. తొందరపడినందుకు లాభం కనబడలేదు. మూత్రం ఆగని బాధ మాత్రం ఏడాదికి మొదటి గుంపులోనే ఎక్కువ. మూత్రనాళం తీవ్రంగా ఇరుకైపోవడం కూడా రెండేళ్లలో వారిలో 6 శాతం, వేచి చూసినవారిలో 4 శాతం. ఆ వేచి చూసినవారిలో ఎనిమిదేళ్లలో రేడియేషన్ తీసుకున్నది మూడోవంతు మందే.

మూత్రాశయం, మలాశయం పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కిరణాలు వాటికీ తగులుతాయి. కొందరికి నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా విరేచనంలో రక్తం పడుతుంది. దాంపత్యం సంగతి మన మగవాళ్లు డాక్టరుతో కూడా నోరు విప్పరు. క్యాన్సర్ బాగా బయటికి పాకినవారికి డాక్టరు ముందే పెట్టించుకోమనవచ్చు, అది వేరు.

అయితే వేచి చూడటానికీ డబ్బు కావాలి. కొన్ని నెలలకోసారి పరీక్ష చేయించుకోలేని కూలీకి అది వేచి చూడటం కాదు, వదిలేయడమే. పి.ఎస్.ఎ. పెరిగాక ఆలస్యం చేస్తే ప్రమాదం. రేడియేషన్ మొదలైతే వారానికి ఐదు రోజుల చొప్పున 20 సార్లో 33 సార్లో వెళ్లాలి, అన్నాళ్లూ కూలి పోతుంది. పైగా చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న మనవాళ్లు చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెడుతున్నారు. దుష్ఫలితాలు తెలుగులో విని ఒప్పుకోవడం రోగి హక్కని మా అభిప్రాయం. ఆ రాష్ట్ర భాష మనకన్నా బాగా వచ్చిన యువకులారా, ఒక పూట ఆసుపత్రికి తోడు వెళ్లండి.

పెద్దాయన పి.ఎస్.ఎ. ఈసారీ పెరగలేదు. కటి కండరాల వ్యాయామం చేస్తున్నారు. తలుపు పక్క వరుస ఆయన కోసం ఖాళీగా ఉంచుతున్నాం.