మనకు వేరొక జెండా యేల?



రానున్న సర్వసభ్య సమావేశములో నొక తీర్మానము ప్రతిపాదింపబడనున్నది. మన సంఘమునకు ప్రత్యేకముగా నొక తెలుగు జెండాను నిర్మింపవలయుననియు, దానిని సంఘ భవనముపై నిత్యము ఎగురవేయవలయుననియు, ఆ ఖర్చునకై ఇంటింటి నుండి చందా వసూలు చేయవలయుననియు దాని సారాంశము. ప్రతిపాదించువారు నాకు మిత్రులు. వారి భాషాభిమానమును నేను శంకింపను. కాని యీ తీర్మానము మనకు అనవసరమైనది, అపాయకరమైనది, మన యసలు కర్తవ్యమును మరపించునది యని నా నిశ్చితాభిప్రాయము. కారణములు విన్నవించెదను.

"జాతీయ పతాకమును రూపొందించినవాడు తెలుగువాడు, అట్టి జాతికి సొంత జెండా లేకుండుట సిగ్గుచేటు" అనునది మొదటి వాదము. ఇది పింగళి వెంకయ్యగారి పేరు చెప్పుకొని, ఆయన చేసిన పనినే తలక్రిందులు చేయుచున్నది. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించిన ఆ మహనీయుడు 1916లో జెండాల నమూనాలతో పుస్తకము ప్రకటించినది ఆంధ్రుల కొరకు కాదు, భారతదేశము కొరకు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు ఆయన ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీ మహాత్మునికి సమర్పించెను. దానిపై రాట్నము నుంచుమన్న సూచన జలంధరమునకు చెందిన లాలా హంసరాజుగారిది. తెలుపును చేర్చుమన్నవారు మహాత్ములు. 1931లో కాంగ్రెసు కాషాయము, తెలుపు, ఆకుపచ్చ అను క్రమమును స్వీకరించెను. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నమునకు బదులు 24 ఆకుల అశోక చక్రము నుంచి నేటి పతాకమును ఆమోదించెను. తెలుగువాడు, పంజాబీ, గుజరాతీ తలా యొక చేయి వేయగా అది దేశ పతాకమైనది. వెంకయ్యగారు తన నమూనాను "ఇది తెలుగువారిది" అని దాచుకొనియున్నచో నేడు మనకు చెప్పుకొనుటకు ఆయన పేరే యుండెడిది కాదు.

నేను గుడ్డల వర్తకుడను గనుక మరియొక సంగతి చెప్పెదను. ఖాదీ జాతీయ పతాకములకు పేరుపొందిన చోటు హుబ్బళ్ళిలోని బెంగేరి. అచటి ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘమువారు ప్రమాణ సంస్థ నిర్ణయించిన నూలు, రంగు, కుట్టు తప్పకుండ పతాకములను తయారు చేయుదురు. పొడవు వెడల్పులు మూడింటికి రెండుగా నుండవలెను. పెద్ద పతాకము పొడవు 6,300 మిల్లీమీటర్లు, వెడల్పు 4,200. అన్నిటికంటె చిన్నది 150 కి 100. ఆ పనిచేయు చేతులలో అధికభాగము కన్నడ స్త్రీలవి. కృష్ణా తీరమున పుట్టిన యూహకు ధారవాడ సీమ వస్త్రము కట్టబెట్టినది. ఇంతకంటె మనకు వేరు గౌరవము కావలెనా?

"కన్నడిగులకు జెండా యున్నది, మనకేల యుండరాదు?" అనునది రెండవ వాదము. పసుపు, ఎరుపు రంగుల ఆ జెండాను 1960ల దశకములో మ. రామమూర్తిగారు రూపొందించిరి. 2018 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వము నడుమ తెలుపును, గండభేరుండ చిహ్నమును చేర్చి వేరొక నమూనాను కేంద్రమునకు పంపినను, జనులు ఎగురవేయుచున్నది ఆ పాత రెండు రంగుల జెండానే. అది ఒక కులమునకో, ఒక సంఘమునకో చెందినది కాదు, ఈ నేలకు చెందినది. ఈ నేల నీరు త్రాగుచున్న మనకును అందు భాగమున్నది. ఇక తెలుగువారి సంగతి చూడుడు. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రము గాని, 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గాని, 2014లో ఏర్పడిన తెలంగాణ గాని రాజముద్రలతో తృప్తిపడినవే కాని అధికారిక పతాకమును నిర్మించుకొనలేదు. 1970లో తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధిగారు రాష్ట్ర పతాకమును కోరిరి; అది నెరవేరలేదు. స్వాతంత్ర్య దినమున జాతీయ పతాకమును ఎగురవేయు హక్కు ముఖ్యమంత్రులకు 1974 నుండి లభించినది. ప్రభుత్వములే చేయని పనిని పొరుగు రాష్ట్రములో నున్న మన చిన్న సంఘము తలకెత్తుకొనుట సాహసము కాదు, చాపల్యము.

మూడవ వాదము గుసగుసగా వినబడుచున్నది. "నవంబరు 1న దుకాణములపై మనము జెండా కట్టుచున్నది భయముచేతనే, మన జెండా దానికి జవాబగును" అని. భయముతో కట్టిన జెండా జెండాకును గౌరవము కాదు, కట్టినవానికిని గౌరవము కాదు. ఎవరైన బెదిరించి కట్టింపజూచినచో అది తప్పని మనము నిర్భయముగా చెప్పవలెను. కాని బెదిరింపునకు మందు మరియొక జెండా కాదు. ఇష్టముతో ముందుగా కట్టినవానిని బెదిరించువాడెవడు? ఆ రంగులను కన్నడిగులు అరిశిన కుంకుమ యందురు. మన ఆడపడుచులు ప్రతి శుక్రవారము గడపకు పూయుచున్నవి అవియే కదా! పైగా 1956 నవంబరు 1వ తేదీనే విశాల మైసూరు రాష్ట్రమును, ఆంధ్రప్రదేశమును ఒకేమారు ఏర్పడినవి. ఆ దినము మనకు పరాయి పండుగ ఎట్లగును?

ఇంకొక కోవ వారున్నారు. జాతీయ పతాకము తప్ప వేరే యే జెండాయైనను దేశద్రోహమని వారి మాట. ఇదియు సరికాదు. రాష్ట్రమునకు జెండా యుండరాదని రాజ్యాంగము చెప్పలేదు. జమ్మూ కాశ్మీరమునకు 1952 నుండి 2019 వరకు ప్రత్యేక పతాకము నుండెను. కావలసినది నిషేధము కాదు, మర్యాద. 2002 నాటి పతాక నియమావళి ప్రకారము జాతీయ పతాకముకంటె ఎత్తున గాని, దాని సరసను గాని వేరొక జెండా నుండరాదు. ఒకే స్తంభముపై రెంటిని కట్టరాదు. ఎగురవేయునపుడు చురుకుగాను, దించునపుడు మెల్లగాను దించవలెను. చినిగిన పతాకమును కట్టరాదు; దానిని ఏకాంతమున, గౌరవముతో దహనము చేయవలెను. ఈ మర్యాదలు మనలో నెందరు పాటించుచున్నారో ఆగష్టు 16వ తేదీ ఉదయమున వీధిలో నడచి చూచినచో తెలియును.

ఇక అసలు మాట. యానాము తెలుగువారిని చూడుడు. ఇంచుమించు రెండు శతాబ్దములు వారి తలపై ఎగిరినది ఫ్రెంచి పతాకము. 1954లో అచట భారత పతాకము ఎగిరినది. 1962 ఆగష్టు 16న ఆ ప్రాంతము చట్టరీత్యా భారతదేశములో చేరినది. ఆ కాలమంతయు వారికి తెలుగు జెండా లేదు. అయినను తెలుగు నిలిచినది. ఎట్లు? తల్లులు మాటాడిరి, పంతుళ్ళు అక్షరములు దిద్దించిరి. జెండా గుడ్డ పదివానలకు వెలిసిపోవును. దిద్దించిన అక్షరము మూడు తరములు నిలుచును.

మన యిండ్లలో తెలుగు వినబడుచున్నది; సంతోషము. కాని యీ పత్రికను చదివి తాతకు వినిపింపగల పిల్లలు ఎన్ని యిండ్లలో నున్నారు? పెండ్లి పత్రికలో తెలుగు అచ్చువేయించి, దానిని చదువలేని వరుని పీటలపై కూర్చుండబెట్టుచున్నాము. ఈ స్థితిలో జెండాకు చందా లెత్తుట, పొయ్యి ఆరిపోవుచుండగా ఇంటికి సున్నము కొట్టించుటవంటిది.

కావున నా ప్రతిపాదన యిది. జెండాకని కోరిన చందానే వసూలు చేయుదము. నా వంతు మొదట చెల్లింతును. దానితో సంఘ భవనములో వారమునకు మూడు దినములు తెలుగు బోధించుటకు ఒక పంతులుగారిని నియమింతము. ఆగష్టు 15న, జనవరి 26న ఖాదీ జాతీయ పతాకమును నియమానుసారముగా నెగురవేయుదము. నవంబరు 1న ఇరుగుపొరుగు కన్నడ పెద్దలను ఆహ్వానించి, వారిచేతనే పసుపు ఎరుపు జెండాను ఎత్తింతము. ఆ సభలో మన పిల్లలు తెలుగులో నొకటి, కన్నడములో నొకటి పద్యము చదువవలెను.

సభ్యులందరు సమావేశమునకు తప్పక విచ్చేసి, జెండా తీర్మానమును త్రోసిపుచ్చి, బడి తీర్మానమును గెలిపింప ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
ఒక వర్తక సభ్యుడు