రివాల్వర్ దేనికి?

ఎడ్మండ్‌సన్ పార్క్ మనవాళ్ళకి సిసిల్ పార్క్ షూటింగ్ రేంజ్ ఎంతో దూరం కాదు (2000 ఒలింపిక్స్ షూటింగ్ పోటీలు అక్కడే జరిగాయి). సెకండ్‌హ్యాండ్ పాయింట్ 22 రివాల్వర్ రేంజిలో పేల్చి చూడటం సరదాయే. చప్పుడు తక్కువ, తూటా చవక, చెయ్యి అదరదు.

"ఒకటి ఇంట్లో ఉంటే దొంగల భయం ఉండదుగా" అనే మాటే నాకు మింగుడు పడదు. ఆత్మరక్షణకంటే న్యూ సౌత్ వేల్స్‌లో లైసెన్సు ఇవ్వరు. ఇచ్చినా, తుపాకీ సేఫులో, తూటాలు విడిగా తాళం వేసి ఉంచాలి. అర్ధరాత్రి దొంగ అంతసేపు ఆగుతాడా?

1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది పోయాక ఈ కట్టుబాట్లు వచ్చాయి. 2002లో మోనాష్ యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థుల్ని చంపినవాడు లైసెన్సున్న షూటరే! ఆ తర్వాత చేతి తుపాకుల మీద ఇంకా బిగించారు. మంచిపనే చేశారు.

గురి సరదా ఉన్నవాళ్ళు మాత్రం కొనేముందు గొట్టం కొలిచి చూడండి. 100 మిల్లీమీటర్లకి తగ్గితే ఆ రివాల్వర్ టార్గెట్ షూటింగ్ లైసెన్సు మీద రాదు.