గృహవైద్యము: చెవిలోని గులిమి

బిడ్డకు తలంటి నీళ్లుపోసిన పిమ్మట చెవిలో పిన్నీసో, అగ్గిపుల్లకు చుట్టిన దూదియో పెట్టి గులిమి తీయుట మన యిండ్లలో శుచి యని యెంచబడుచున్నది. అంగళ్లలో దొరకు దూదిపుల్లలు ఈ యలవాటును మఱింత పెంచినవి. శుచియందు మనకు గల పట్టుదల మెచ్చదగినదే. కాని యీ విషయమున నది మేలుకంటె కీడే యెక్కువగా చేయుచున్నది.

గులిమి మురికి కాదు. చెవిరంధ్రమున వెలుపలి భాగపు చర్మమందలి సన్నని గ్రంథులు దానిని పుట్టించును. అది చర్మమును ఎండనీయదు. దుమ్మును పట్టి యుంచును. సూక్ష్మజీవులను కొంతవఱ కడ్డగించును. చెవిలోని చర్మము లోపలినుండి వెలుపలికి మెల్లగా జరుగుచుండును. నమలునప్పుడును మాటలాడునప్పుడును కలుగు దవడ కదలిక దీనికి తోడగును. ఇట్లు పాత గులిమి తనంతట తానే యెండి రాలిపోవును. పెద్దవారి చెవిరంధ్రము పొడవు రమారమి 2.5 సెంటీమీటర్లే, దాని కొనయందు పలుచని కర్ణభేరి యున్నది. పుల్ల పెట్టినచో కొంత గులిమి దాని కంటుకొని వచ్చును గాని, తక్కినది లోనికి కూరుకొనిపోయి గడ్డకట్టును. బిడ్డ యొక్కసారి తల త్రిప్పినచో కర్ణభేరికి చిల్లి పడవచ్చును.

గులిమి ద్వారమును మూసినచో చెవి దిబ్బడవేయును, హోరు పుట్టును, వినికిడి తగ్గును. పిలిచిన పలుకని బాలుని పెంకెవాడనియు, బడిలో మందమతి యనియు నిందించుటకు ముందు వాని చెవులను వైద్యునకు చూపవలయును.

"నూనె పోయుట పూర్వులు చెప్పినదే కదా" యని పెద్ద లందురు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున దీనికి చికిత్స కలదు. తైలముచే నానవేసి, స్వేదముచే కరగించి, పిదప శలాకతో తీయవలె నని యందున్నది. అయితే ఆ శలాక వైద్యుని చేతిలోనిదే గాని తల్లి చేతిలోనిది కాదు. నేటి వైద్యులును ముందుగా మెత్తపఱచి, పిమ్మట లోపల చూచుచు పరికరముతోనో, గోరువెచ్చని నీటి ధారతోనో తీయుదురు.

కావున ఇంట చేయవలసినది స్వల్పము. స్నానానంతరము వెలి చెవిని మాత్రము మెత్తని తడిగుడ్డతో తుడువుడు. దిబ్బడ గల పెద్దవారు ప్రక్కకు పరుండి, ఆలివు నూనెను 2, 3 చుక్కలు చొప్పున 3 మొదలు 5 దినములు వేసికొనవచ్చును. వెల్లుల్లి కాచిన వేడి నూనె వలదు. అది లోపలి చర్మమును కాల్చును. చీము గాని, నొప్పి గాని, కర్ణభేరికి చిల్లి గాని యున్నచో ఏమియు వేయరాదు. శిశువుల చెవులలో నూనె పోయనే వలదు.

పిల్లలు చెవిలో సెనగగింజ దూర్చుకొన్నచో నీరు పోయకుడు. గింజ యుబ్బి మఱింత బిగియును. గడియారపు బిళ్ల బ్యాటరీ దూరినచో క్షణమైన ఆలసింపక ఆసుపత్రికి కొనిపొండు. నెత్తురు కనబడినను, చీము కారినను, వినికిడి హఠాత్తుగా తగ్గినను, ఆ దినమే వైద్యునియొద్దకు పోవలయును.